చెప్పింది బాలమణి, రాసింది దత్తాత్రి

దాజీ పేట్, షోలాపూర్
20 జూన్ 1988

చిన్నీ,

నేను మంచిగనే ఉన్న. నువ్వు అన్నం సక్కగ తింటున్నవా, హాస్టల్ల నీళ్ళచారు తాగి పండుకుంటున్నవా? ముందు అది రాయి, సదువు సంగతి తర్వాత.

అత్త నన్ను మల్ల దవాఖానకు తీస్కపోయింది. ఈసారి కొత్త డాక్టరమ్మ, మరాఠీ ఆమె. పెండ్లయి ఎన్నేండ్లు అన్నది. ఎనిమిది అన్న. ఏమేం మందులు తిన్నవ్ అన్నది. ఎన్నని చెప్పాలె చిన్నీ? అత్త కాచిన కషాయాలు, మూడు దవాఖానల గోళీలు, ఎవరో ఇచ్చిన భస్మం. ఆమె అన్నీ రాసుకోని "నవరా కుఠే ఆహే?" అన్నది, మొగడు ఏడీ అని. అత్తకు మస్తు కోపమొచ్చింది. మా పిలగానికి ఏం తక్కువ, మగ్గం ముందల పన్నెండు గంటలు నిలవడ్తడు అన్నది. డాక్టరమ్మ నవ్వను కూడ నవ్వలే, సోమవారం పంపియ్యిమన్నది. మీ బావ సుట్టీ పెట్టి పోతనన్నడు. ఈ ముచ్చట రాస్తుంటే ఆయన చెవులు ఎర్రగయినయ్, నేను చూస్తనే ఉన్న.

నీ ఉత్తరమొస్తే మా ఇంట్ల పండుగే. ఆయన సదువుతడు, నేను బీడీలు చుట్టుకుంట వింట. నాలుగు కాగితాల ఉత్తరం అయిపోయేసరికి నాది ఒక కట్ట అయితది, ఇరవై అయిదు బీడీలు. అందుకే పొడుగు రాయి. ఫెర్నులో ఏందో అంటివి గదా, నాకు తెలిసేటట్టు చెప్పు. నేను బడికి పోలేదు గని మొద్దును కాను.

చెప్పింది: బాలమణి
రాసింది: దత్తాత్రి

(మరదలా, మీ అక్క చెప్పింది చెప్పినట్టే రాసిన. చెవుల సంగతితో సహా. — బావ)


హన్మకొండ, హాస్టల్
6 జులై 1988

అక్కకు, పక్కనే కూర్చుని చదువుతున్న బావకు,

అన్నం తింటున్నాను. చారు నీళ్ళలాగే ఉంది, కానీ పచ్చడి కొనుక్కున్నాను. ఇక చుట్టుకో, పొడుగ్గానే రాస్తున్నాను.

అక్కా, సిరిసిల్లలో మన చేదబావి లోపలి గోడకు, చెమ్మ ఉన్నచోట ఈకల్లాంటి ఆకులు వేలాడేవి, గుర్తుందా? అదే ఫెర్న్. పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు తిప్పి చూస్తే వెనక నశ్యం అంటించినట్టు చుక్కలుంటాయి. ఆ పొడి రాలి తడి మట్టి మీద పడితే వెంటనే ఫెర్న్ రాదు. ముందు చిటికెన వేలి గోరంత పచ్చటి రేకు వస్తుంది, చిన్న తమలపాకులా. మా సారు చెప్పేదాకా అది పాచి అనుకున్నాను. సంసారమంతా ఆ రేకు అడుగునే జరుగుతుంది.

అక్కడ కొన్ని చిన్న సంచులు, కొన్ని చిన్న కూజాలు. సంచుల్లో మగ కణాలు, ఒక్కో కూజాలో ఒకే ఒక్క ఆడ కణం. వాన చుక్క పడితే సంచి పగులుతుంది. లోపలివి బయటికి వస్తాయి. స్ప్రింగులా మెలితిరిగి ఉంటాయి, ఒంటినిండా సన్నటి తోకలు. వాటితో ఈదుతాయి అక్కా! చెట్టుకు పుట్టింది చేపలా ఈదడం నా కళ్ళతో చూశాను. ఆడ కణం కదలదు. కూజా మూతి తెరిచి పుల్లటి రసం ఒకటి వదులుతుంది. ఆ పులుపు జాడ పట్టుకుని ఇవి వస్తాయి. నీళ్ళు లేకపోతే ఆ ప్రయాణమే లేదు. మధ్యలో ఎండితే అంతే సంగతులు. వందల్లో ఒకటి చేరుతుంది, అప్పుడు ఆ రేకు మీద అసలు ఫెర్న్ మొలుస్తుంది.

మొదటిసారి చూసిన రోజు మెస్‌కు వెళ్ళడం మర్చిపోయాను. (ఒక్క రోజే, తిట్టకు.)

బావ సోమవారం వెళ్ళాడా? డాక్టరు ఏమన్నదో రాయండి.

మీ మంగళ


దాజీ పేట్, షోలాపూర్
3 ఆగస్టు 1988

చిరంజీవి మంగళకు ఆశీర్వదించి వ్రాయునది,

నీ ఉత్తరం అందినది. వింటూ వింటూ నేను చేతులు ఆపిన. అంత చిన్న దానికి ఎటు పోవాలెనో ఎట్ల తెలుస్తది అని మీ బావను రెండుసార్లు అడిగిన.

దవాఖాన సంగతి. పరీక్షలన్నీ అయిపోయినవి. లోపం నాలోనే ఉన్నదని తేలింది. మీ బావకు ఏ దోషమూ లేదు. కనుక మామగారు మీ బావకు మరొక సంబంధం చూస్తున్నారు. అత్తగారి అన్న బిడ్డ, జోడ్‌భావి పేట్‌లో ఉంటుంది. పేరు చంద్రభాగ. నేనే చేసుకొమ్మని మీ బావను అడిగిన. నన్ను పంపించివేయరు, ఇక్కడనే ఉంటాను. అందరమూ ఒప్పుకున్న సంగతి కనుక నువ్వు బాధపడి బయలుదేరి రావలసిన అవసరం లేదు. చదువు పాడు చేసుకోకు. అమ్మకు నిదానంగా చెప్పు.

చెప్పింది: బాలమణి
రాసింది: దత్తాత్రి


హన్మకొండ, హాస్టల్
21 ఆగస్టు 1988

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులుగా మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నువ్వే అడిగావా? పక్కింటివాళ్ళు మన చాటను అడక్కుండా తీసుకెళితే పోట్లాడిన దానివి, నువ్వా?

నీకొక సంగతి చెప్పాలి. నా తప్పు సంగతి. నాలుగు గాజు గిన్నెల్లో ఆ పచ్చటి రేకులు పెంచాను. రోజూ నీళ్ళు చిలకరించాను. ఆరు వారాలైనా ఒక్క ఫెర్న్ మొలవలేదు. విసుగొచ్చి నోటుబుక్కులో "ఆడ కణాల్లోనే లోపం" అని రాసి, గిన్నెలు పారబోయడానికి తీశాను. మా సారు బుక్కు చూసి "మగవాటిని చూశావా?" అన్నాడు. చూడలేదు. "మరి ఇది ఎట్లా రాశావు?" అన్నాడు. అప్పుడు చూశాను. గిన్నెలు పెట్టిన కిటికీకి మధ్యాహ్నమంతా ఎండ. సంచులు పగిలే ఉన్నాయి, లోపలివి ఒక్కటీ కదలడం లేదు. కూజాలు మాత్రం మూతులు తెరుచుకుని అట్లాగే ఉన్నాయి. వేరే గిన్నెలో మంచి మగ కణాలున్న నీళ్ళు తెచ్చి పోశాను. మూడు వారాలకు మొలకలు వచ్చాయి. నేను చదువుకున్నదాన్ని, ఆడదాన్ని, నేను కూడా చూడకుండానే ఆడదాని మీద రాసేశాను. సిగ్గేసింది అక్కా.

అందుకే అడుగుతున్నాను. బావకు నిజంగా పరీక్ష చేశారా? ఆ కాగితాలు నాకు పంపండి. మా సారు వాళ్ళ అన్న ఇక్కడ పెద్ద డాక్టరు, చూపిస్తాను. బావా, కోపం తెచ్చుకోకు. ఇది సిగ్గుపడే సంగతి కాదు, చెట్లలో కూడా ఉన్నదే. కాగితాలు చూడకుండా ఇంకో అమ్మాయిని ఇంట్లోకి తేవద్దు. రేపు ఆమెకూ పిల్లలు కలగకపోతే ఆమెకూ ఇదే గతి కదా.

ఇంకో మాట. ఈసారి నేను తిన్నానో లేదో నువ్వు అడగలేదు.

మంగళ


దాజీ పేట్, షోలాపూర్
8 సెప్టెంబరు 1988

చిరంజీవి మంగళకు,

పెండ్లి కాని పిల్లవు, ఇటువంటి సంగతులు ఉత్తరంలో వ్రాయటం బాగుండదు. మామగారి చెవిలో పడితే ఏమనుకుంటారు? కాగితాలు దవాఖానలోనే ఉండిపోయినవి.

దీపావళి తరువాత పంచమి నాడు పిల్లకు చీర పెట్టుట నిశ్చయమైంది. పెద్ద భార్య తన చేతితో చీర తీసుకపోయి పెడితే తరువాత కుల పంచాయితీలో మాట రాదని ఇక్కడి ఆచారం. ఆ చీర నేనే తీసుకపోతాను. సంతోషంగానే తీసుకపోతాను.

చెప్పింది: బాలమణి
రాసింది: దత్తాత్రి


హన్మకొండ
20 సెప్టెంబరు 1988

బావకు,

ఇది నీకు. అందుకే ఇంటికి కాకుండా కార్ఖానా చిరునామాకు రాస్తున్నాను.

పోయిన రెండు ఉత్తరాలు అక్కవి కావు. అక్క నన్ను చిరంజీవి అనదు. తన పనిని సంతోషంగా చేస్తానని ముందే చెప్పదు, చేసి చూపిస్తుంది, లేదా గిన్నె విసిరేస్తుంది. అందులో మాటలు నీవి. నా ఉత్తరం ఆమెకు మొత్తం చదివి వినిపించలేదని కూడా అనుకుంటున్నాను.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నాకు పదో తరగతిలో ఫీజు కట్టి, ఆడపిల్లకు చదువెందుకన్న మా మేనమామతో తగువు పెట్టుకున్నది నువ్వే. ఆ మనిషిని అడుగుతున్నాను. డాక్టరు ఏమన్నది?

మంగళ


షోలాపూర్
5 అక్టోబరు 1988

మంగళా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపిన. ఇది నాలుగోది.

ఆ సోమవారం వాళ్ళు అడిగింది ఇచ్చి వచ్చిన. పదిహేను రోజులకు మల్ల రమ్మన్నరు, మల్ల పోయిన. రెండోసారి ల్యాబ్ మనిషిని బతిమాలిన, ఒక్కసారి నన్ను కూడ చూడనియ్యి భావూ అని. నువ్వు రాసినవు కదా, ఒంటినిండా తోకలతోని ఈదుతయని. అట్ల కాకున్నా ఏదో ఒకటి కదులుతదనుకున్న. కన్ను పెట్టిన. తెల్లటి వెలుగు, అంతే. ఇంకా చూసిన. ఆ మనిషి నా భుజం మీద చెయ్యేసి, ఒక్కటి కూడా లేదు, రెండుసార్లు చూసినం, ఇది మందులతోని వచ్చేది కాదు అన్నడు. మీ అక్కకు ఏ లోపమూ లేదని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా బాపు గడప మీద కార్ఖానా వాళ్ళతోని కూసోని ఉన్నడు. నలుగురి ముందట "ఏమన్నర్రా?" అన్నడు. "ఆమెదేనట" అన్న. కావాలని అన్న మాట కాదు, అనుకోకుండా అన్న మాట కాదు, నోట్లకెల్లి వచ్చింది. లోపల మీ అక్క విన్నది. నేను పోయి మంచం మీద కూసుంటే నా తల నిమిరి, నువ్వేం బాధపడకు అన్నది. నాకు అప్పుడే చెప్పే మోక ఉండె. చెప్పలే.

ఇంకో పెండ్లి వద్దంటే, ఎందుకు వద్దు అని అడుగుతరు. జవాబు ఒక్కటే ఉన్నది. ఆ జవాబు చెప్పిన తెల్లారి నేను కార్ఖానల ఎట్ల అడుగు పెడుదు? మగ్గాల మోతల కూడ నవ్వులు వినిపిస్తయి మంగళా.

నీ కాళ్ళు పట్టుకుంట, మీ అక్కకు చెప్పకు. ఆమె ఒక్కతే నన్ను మొగోని లెక్క చూస్తది.

దత్తాత్రి


హన్మకొండ
18 అక్టోబరు 1988

అక్కా,

ఈ ఉత్తరం నీది. ఇంటికే రాస్తున్నాను. నీ దగ్గరికి రావాలంటే బావ గొంతులోంచే రావాలి, వేరే దారి లేదు. బావా, చదువు. నేను చెప్పడం కన్నా నువ్వు చదవడమే మంచిదని ఇట్లా రాశాను. నీ మీద నాకు జాలి ఉంది. కానీ ఆ జాలి కోసం మా అక్కను, ఇంకో అమ్మాయిని బలి ఇవ్వలేను.

అక్కా, లోపం నీది కాదు. నీకు ఏ లోపమూ లేదని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. బావకు రెండుసార్లు పరీక్ష చేశారు, బావలో మగ కణాలు లేవు. అది బావ తప్పు కాదు, పుట్టుకతో వచ్చింది కావచ్చు. ఆ సంగతి నీ మీద వేయడం మాత్రం తప్పు. చంద్రభాగను తెచ్చినా ఆ ఇంట్లో తొట్టెల కట్టరు. నువ్వు తిన్న మందులు, కూర్చున్న ఉపవాసాలు అన్నీ అనవసరం అక్కా.

"నేనే చేసుకొమ్మని అడిగిన" అని నీ ఆగస్టు ఉత్తరంలో ఉంది, రావద్దని కూడా ఉంది. అందుకే రాలేదు. రావలసింది. అమ్మ కాలు జారి పడింది, కట్టు విప్పేదాకా కదలలేను. పంచమి లోపల ఎట్లాగైనా వస్తాను. అప్పటిదాకా చీర ముట్టుకోకు.

చిన్ని


జోడ్‌భావి పేట్, షోలాపూర్
16 నవంబరు 1988

చిన్నీ,

ఇది చంద్రభాగ రాస్తున్నది. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయాలె, ఒక్క ముక్క ఇడవద్దు, ఒక్క ముక్క కలపద్దు అని ఒట్టు పెట్టించిన.

అమ్మ కాలు ఎట్లున్నది? కట్టు ఇంకా ఇప్పలేదేమో, అందుకే పంచమికి రాలేకపోయినవ్ అనుకున్న. నువ్వు తిన్నవా?

నీ ఆగస్టు ఉత్తరం నాలుగు కాగితాలున్నది. ఆయన సదివి మడత పెట్టేసరికి నా చేతిల పదకొండు బీడీలే. నేను మల్ల లెక్కవెట్టిన, పదకొండే. నా చేతులు ఎప్పుడు తప్పవు చిన్నీ, ఎనిమిదేండ్ల సంది అదే పని. అంతేనా అన్న. అంతే, అంతా కుశలమన్నడు. ఉత్తరం తీస్కోని నా తునికాకుల డబ్బల పెట్టుకున్న, ఎప్పుడు పెట్టుకున్నట్టే. అక్టోబరుది కూడ ఆయననే సదివిండు. నాలుగు బీడీలకే అయిపోయింది. అమ్మకు కాలు నొస్తుందట, అంతే అన్నడు. అది కూడ డబ్బల పెట్టిన.

ఎవరితోని సదివియ్యాలె? దాజీ పేట్ల ఎవరు సదివినా సాయంత్రం వరకు మామకు తెలుస్తది. ఈ పిల్ల తెలుగు బడిల ఏడు సదివిందని అత్తనే గొప్పగ చెప్పింది. ఆ ఇంట్లకు వచ్చేది కూడ ఆమెనే గదా, ఏమున్నా ఆమెకు తెలవాలె అనుకున్న. పంచమికి రెండు దినాల ముందు, రైక కొలత తీస్కొస్త అని చెప్పి ఒక్కదాన్నే ఈడికి వచ్చిన.

పిల్ల బీడీలు పక్కకు పెట్టి సదివింది. ఎక్కడ ఆగకుంట, బడిల సదివినట్టు సదివింది. గిన్నెల ముచ్చట సదివింది, నీ సిగ్గు ముచ్చట సదివింది. రెండోది సదువుకుంట "చంద్రభాగను తెచ్చినా" అని తన పేరు వచ్చినకాడ ఆగింది. నా దిక్కు చూసింది. సదువు బిడ్డా అన్న. సదివింది.

అయినంక కాగితాలు మడిచి నా చేతిల పెట్టింది. ఆమె పోయి నీళ్ళు తెచ్చింది. నేను తాగిన, మిగిలినవి ఆమె తాగింది.

పంచమి నాడు అత్త, నేను, ఇంకో అయిదుగురం చీర తీస్కోని వచ్చినం. పిల్ల వాకిట్ల నిలవడి, ఆయన నాకు వద్దు అన్నది. ఎందుకంటే చెప్పలే. నచ్చలేదు అన్నది, అంతే. వాళ్ళ నాయిన అందరి ముందట కొట్టిండు. నోరు విప్పలే చిన్నీ. పందొమ్మిదేండ్ల పిల్ల, మా ఇంటి పరువు కోసం దెబ్బలు తిన్నది.

(మంగళక్కా, ఈడ ఈమె ఏడుస్తున్నది, నేను రాసుడు ఆపిన. దెబ్బలు ఎక్కువ తగల్లేదు. — చంద్రభాగ)

ఇప్పుడు దాజీ పేట్ల అందరు నేనే పిల్ల మనసు ఇరిసిన్నంటున్నరు. గొడ్రాలు ఓర్వలేకపోయిందంటున్నరు. అననియ్యి. ఎందుకు నిజం చెప్పవు అని నువ్వు అడుగుతవ్. చెప్తే ఆయన కార్ఖానల నిలవడలేడు, అది నాకు తెలుసు. పిల్లలు లేరని ఆయన మీద నాకు కోపం లేదు. దేవుడు ఇయ్యలే, ఏం చేస్తం? నాకు చెప్పి ఉంటే ఆ మాట నేనే మీద ఏసుకుందు చిన్నీ, నవ్వుకుంట ఏసుకుందు. అడగకుంట ఏసిండు. అదే నాకు కాలుతున్నది.

ఇంటికి పోయి ఆయనకు ఒక్కటే చెప్పిన, ఇగ నా ఉత్తరాలు చంద్రభాగ రాస్తది అని. ఆయనకు అర్థమయింది. తల వంచుకోని కూసున్నడు. అన్నం పెట్టిన, తినలే. నేను తిన్న.

ఇంకోటి. ఆయనకు ఇంకో పెండ్లి చేసుకొమ్మని నేను అడిగిన్నని రాసినవ్. నేను అడగలే. ఆగస్టుల ఆ దినం ఆయన కాగితం పట్టుకోని నా ముందల కూసుంటే నేను చెప్పింది ఏందో తెలుసా? చిన్నీ, నాకు ఈడ మనసు పడ్తలేదు, జల్ది వచ్చి నన్ను తీస్కపో అని చెప్పిన. ఆయన రాసిండు, కలం కదిలింది, నేను చూసిన. హైదరాబాద్ రైలు పొద్దుగాల వస్తది. ఆగస్టు అంత, సెప్టెంబరు అంత, ఆ యాళ్ళకు గల్లీ మొగలకు, రోడ్డు కాడికి పోయి నిలవడ్డ. నువ్వు రాలే. నా చెల్లె పెద్ద సదువు సదివి నన్ను మర్చిపోయింది అనుకున్న. మనసుల నిన్ను మస్తు తిట్టిన బిడ్డా, మాఫ్ చెయ్యి.

సిరిసిల్లకు రావాల్నో, ఈడనే ఉండాల్నో ఇంకా తెలుస్తలేదు. అది తర్వాత చూసుకుందాం. ముందుగాల ఒక పని చెయ్యి. పెండ్లయిన కాడికెల్లి నా పేరు మీద నీకు వచ్చిన ఉత్తరాలు దాచి ఉంటవ్ గదా. ఒక్కటి ఇడవకుంట అన్నీ పంపు. ఈ పిల్లతోని సదివిస్త. ఎనిమిదేండ్ల సంది నేను నీకు ఏమేం చెప్పిన్నో ఒకసారి వినాలె.